తెల్ల పురుగు కనిపించగానే మందు పోయొద్దు

చేపల తొట్టి అద్దం మీద వెంట్రుక మందాన తెల్లటి పురుగులు పాకుతుంటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. అది గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే తొట్టి అయితే భయం రెండింతలు. "పురుగులు పడ్డయ్, ఇంక చేపలు బతకవు" అనుకుని చేతికందిన ఉప్పో, దుకాణంవాడు ఇచ్చిన రంగు మందో తెచ్చి పోసేస్తారు. చాలాసార్లు జరిగేదేమిటంటే పురుగులు బతుకుతాయి, చేపపిల్లలు పోతాయి. ఎందుకలా అవుతుందో, పిల్లలు దక్కాలంటే ఏం చేయాలో ఈ వ్యాసంలో చెప్తాను. ఇది జువాలజీవాళ్లు రాయాల్సింది కదా, తెలుగు శాఖ గోడ మీద ఎందుకు అని అడిగేవాళ్లు కాస్త ఓపిక పట్టండి. సంగతి మాట దగ్గరే మొదలవుతుంది.

మాది ఉప్పర్‌వాహి. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా, కోర్పనా తాలూకా, గడ్‌చాందూర్ పక్కన. కింద అంతా సున్నపురాయి, అందుకే పైన సిమెంట్ ఫ్యాక్టరీ. తెలంగాణ సరిహద్దు దగ్గరే కాబట్టి మా వైపు తెలుగు, మరాఠీ రెండూ వినిపిస్తాయి. మా ఇంట్లోనూ అంతే. నాన్నది, నాయనమ్మది తెలుగు. అమ్మది మరాఠీ, ఆమెను నేను ఆయి అనే పిలుస్తాను. ఆయి వెనక వరండాలో నాలుగు తొట్లు పెట్టి గప్పీలు, ఫైటర్లు, జీబ్రా చేపలు పెంచి పిల్లల్ని దుకాణాలకు ఇస్తుంది. పెద్ద వ్యాపారమేం కాదు. కానీ నా బస్సు చార్జీలు, హాస్టల్లో చేతిఖర్చు ఆ డబ్బులోంచే వస్తాయి. ఒక ఈత పిల్లలు పోతే ఆ నెల మా ఇంట్లో తెలుస్తుంది.

ఒక్క మాటలో ఎన్ని జీవులు

తెలుగులో "పురుగు" అనే మాట చాలా పెద్ద సంచి. బియ్యంలో ఉండేదీ పురుగే, వంకాయలో ఉండేదీ పురుగే, దీపం చుట్టూ ఎగిరేదీ పురుగే. పల్లెల్లో రాత్రిపూట పాము పేరెత్తకూడదని "పురుగు ముట్టింది" అంటారు, అప్పుడు పాము కూడా పురుగే. మరాఠీలో ఆయి కాస్త విడగొట్టి మాట్లాడుతుంది. ఎగిరేది, పాకేది "కిడా", గొంగళిలాంటిది "అళీ", కడుపులో ఉండేది "జంత్", వానపాము "గాండూళ్". అలాగని తెలుగు పేదదేం కాదు. వానపాము, జలగ, నులిపురుగు, ఏలికపాము, బద్దెపురుగు అని మనకూ విడి పేర్లున్నాయి. పొలంలో, కడుపులో ఉన్నవాటికి పేర్లు పెట్టుకున్నాం. గాజుతొట్టి మన ఇళ్లలోకి కొత్తగా వచ్చింది కాబట్టి అందులో కనిపించేవన్నిటినీ "తెల్ల పురుగు" అనేసి వదిలేశాం.

దుకాణంలోకి వెళ్లి "తొట్టిలో పురుగులు" అంటే అతనూ ఒకే మందు ఇస్తాడు. కిందటి వేసవిలో అదే జరిగింది. గప్పీల తొట్టి అద్దం నిండా సన్నటి తెల్ల దారాలు కనిపిస్తే ఆయి భయపడి ఒక దుకాణం నుంచి పేరు చీటీ కూడా లేని నీలం సీసా తెచ్చింది. రాత్రి పోసింది. తెల్లారేసరికి నత్తలు చచ్చి తేలాయి, సాయంత్రానికి వారం వయసు పిల్లలు దాదాపు అన్నీ పోయాయి. రెండు రోజుల తర్వాత తెల్ల దారాలు మళ్లీ అద్దమెక్కాయి. హాస్టల్లో ఉన్న నాకు ఆయి వీడియో పంపింది. అదే వారంలో జీబ్రాల తొట్టి వీడియో కూడా పంపింది, "ఇందులో రెండే రెండు ఉన్నాయి, ఇది పర్వాలేదులే" అని. ఆ రెండు వీడియోలను మా పక్క గది జువాలజీ అమ్మాయితో కలిసి పెద్దది చేసి చూశాను. వందలున్న తొట్టిలో ఉన్నవి సాధువులు. రెండే ఉన్న తొట్టిలో ఉన్నది దొంగ.

ఎవరు ఎవరు

తొట్టిలో మామూలుగా కనిపించేవి నాలుగు రకాలు. గుర్తుపట్టడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. చేతి లెన్సు, టార్చి, ఫోన్ కెమెరా చాలు. మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎక్కడ ఉంది, ఎలా కదులుతోంది, తల ఎలా ఉంది?

మొదటిది చెత్త తినే పురుగు. ఇది వానపాముకు నీళ్లలోని చుట్టం. శరీరం కణుపులు కణుపులుగా, దారంలా సన్నగా ఉంటుంది. గులకరాళ్ల మధ్య ఉండి మిగిలిన మేత, చేపల మలం, కుళ్లిన ఆకులు తింటుంది. రాళ్లు కదిపితే నీళ్లలోకి లేచి మెలికలు తిరుగుతుంది. చేపకు గానీ, పిల్లకు గానీ హాని చేయదు. పెద్ద చేపలు దొరికితే దాన్నే తినేస్తాయి.

రెండోది నులిపురుగు జాతిది. ఇంకా సన్నం, కణుపులు ఉండవు. నీళ్లలో కొరడా విదిలించినట్టు అటూ ఇటూ వంగుతూ ఈదుతుంది. తొట్టిలో విడిగా బతికేవి చాలా వరకు హాని లేనివే. చేపలు పెంచేవాళ్లు ఇదే జాతికి చెందిన మైక్రోవార్మ్ అనే పురుగును ఓట్స్ ముద్దలో కావాలని పెంచి, అప్పుడే ఈత నేర్చిన పిల్లలకు మేతగా వేస్తారు.

మూడోది ప్లనేరియా. మన కథలో దొంగ ఇదే. బద్దెపురుగుల్లాగే ఇదీ బల్లపరుపు జాతి, కానీ కడుపులో కాకుండా నీళ్లలో స్వేచ్ఛగా బతుకుతుంది. మెలికలు తిరగదు. అద్దం మీద నూనె చుక్క జారినట్టు నున్నగా జరుగుతుంది. తల బాణం మొనలా మూడు మూలలుగా ఉంటుంది, దాని మీద రెండు నల్లటి కంటిచుక్కలు మెల్లకన్నుల్లా కనబడతాయి. నోరు తలలో ఉండదు, పొట్ట అడుగున నడిమి భాగంలో ఉంటుంది. అక్కడి నుంచి చిన్న గొట్టం బయటికి చాపి మెత్తటి ఆహారాన్ని పీల్చుకుంటుంది. వెలుతురంటే గిట్టదు కాబట్టి పగలు రాళ్ల కింద దాక్కుని రాత్రి తిరుగుతుంది. పగటిపూట రెండు కనిపించాయంటే కింద ఇంకా చాలా ఉన్నాయని అర్థం.

నాలుగోది హైడ్రా. ఇది అసలు పురుగే కాదు, జెల్లీఫిష్‌ల వంశం. ఆకుకో అద్దానికో కాలు అంటించుకుని, పైన సన్నటి చేతులు చాపుకుని ఉంటుంది. ఆ చేతుల్లో కుట్టే కణాలుంటాయి. అప్పుడే పుట్టిన సన్నటి పిల్ల తగిలితే పట్టి మింగేయగలదు.

ఇవి కాక గప్పీలు పెంచేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. చేప మలద్వారం నుంచి ఎర్రటి సన్న దారాలు బయటికి వేలాడుతుంటే అది కమల్లానస్ అనే పురుగు. అది చేప పేగులోనే ఉండి రక్తం పీలుస్తుంది. తొట్టి ఎంత శుభ్రం చేసినా అది పోదు. వైద్యం చేపకే చేయాలి, ఆ చేపను వేరే తొట్టిలోకి మార్చి పశువైద్యుణ్ణి అడగాలి. "ఎర్ర పురుగు" అనగానే మేతగా అమ్మే బ్లడ్‌వార్మ్‌తో కలిపేయొద్దు. బ్లడ్‌వార్మ్ ఒక రకం కుట్టని దోమలాంటి ఈగ లార్వా, పేరులో మాత్రమే పురుగు.

ఎవరి పిల్లలకు ముప్పు

ప్లనేరియా ఉన్నంత మాత్రాన అన్ని పిల్లలూ పోవు. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. పుట్టిన పిల్ల వెంటనే ఈదుతుంది, నెమ్మదిగా జారే ప్లనేరియాకు చిక్కడం కష్టం. గప్పీ పిల్లలు లెక్క తగ్గితే ముందు తల్లినే అనుమానించాలి, ఎందుకంటే గప్పీలు తమ పిల్లల్ని తామే తింటాయి. దాక్కోవడానికి గుబురు మొక్కలు లేని తొట్టిలో ఇది రోజూ జరిగేదే. చాలా ఇళ్లలో ఆ నేరం పాపం చెత్త పురుగుల మీద పడుతుంది.

జీబ్రా చేప సంగతి వేరు. ఇది మన దేశపు చేపే, మన వాగుల్లో, వరి మళ్లలో సహజంగా ఉంటుంది. శాస్త్రవేత్తలకు ఇష్టమైన ప్రయోగశాల చేప కూడా. దీని గుడ్లు అతుక్కోవు, నేరుగా అడుగుకు పడతాయి. తల్లిదండ్రులు వాటిని తినకుండా పెంపకందార్లు తొట్టి అడుగున గోళీలు పరుస్తారు, గుడ్లు గోళీల సందుల్లోకి జారిపోతాయి. ఆ సందుల్లోకి మిగిలిన మేత కూడా జారుతుంది, దాని వెంటే ప్లనేరియా వస్తుంది. గుడ్లు పొదగడానికి రెండు మూడు రోజులు, ఆ తర్వాత పిల్ల సరిగా ఈదడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. అంతకాలం కదలని మెత్తటి ఆహారం దొంగ పక్కలోనే ఉన్నట్టు. ఆయి తొట్టిలో మూడు ఈతలు గుడ్లు కనబడి పిల్లలు కనబడకపోవడానికి కారణం ఇదే.

ఫైటర్ చేప గుడ్లకు ఒక కాపలాదారు ఉన్నాడు. మగ ఫైటర్ నీటి పైన నురగ గూడు కట్టి, జారిన ప్రతి గుడ్డునూ నోటితో తెచ్చి మళ్లీ గూట్లో పెడతాడు. అందుకే ఆ తొట్టిలో ముప్పు కొంత తక్కువ. అయినా అడుగు ఖాళీగా, శుభ్రంగా ఉంటే అతనికి పని సులువు.

పురుగులు ఎందుకు పెరుగుతాయి

చెత్త పురుగైనా ప్లనేరియా అయినా మొక్కల వేళ్లతోనో, కొత్త రాళ్లతోనో, దుకాణం నీళ్లతోనో తొట్టిలోకి వస్తాయి. రావడం ఒక్కసారే. పెరగడం మాత్రం మన చేతి మేత వల్ల. పిల్లల తొట్టిలో ఇది ఇంకా ఎక్కువ. పిల్లలకు ఉడికిన గుడ్డు పచ్చసొన, పొడి మేత లాంటివి రోజుకు నాలుగైదు సార్లు వేస్తాం. అవి తినేది గోరంత, అడుగున చేరేది బోలెడంత. పైగా పురుగుల్ని ఏరుకు తినే పెద్ద చేపలు ఆ తొట్టిలో ఉండవు. పురుగుకు అంతకంటే ఏం కావాలి?

మా చంద్రపూర్ ఎండలు కూడా ఇందులో చేయి వేస్తాయి. మే నెలలో మాకు 45 డిగ్రీలు దాటడం వింతేం కాదు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. పైగా వేడికి మిగిలిన మేత త్వరగా కుళ్లుతుంది, కుళ్లడానికి మళ్లీ ఆక్సిజనే ఖర్చవుతుంది. అడుగున ఊపిరి ఆడక చెత్త పురుగులు రాళ్లు వదిలి అద్దం మీదుగా పైకి ఎక్కుతాయి. చల్లటి రోజుల్లో ఎక్కడున్నాయో తెలియని పురుగులు వేసవిలో ఒక్కసారిగా "పడ్డట్టు" కనిపించేది అందుకే. అవి కొత్తగా పుట్టలేదు, కింద ఉండలేక పైకొచ్చాయి. ఆ వేళ చేపలకూ ఊపిరి తక్కువే ఉంటుంది. సరిగ్గా అప్పుడే గాఢమైన మందు పోస్తే ముందు పోయేది ఎవరో చెప్పనక్కర్లేదు.

చెత్త పురుగులకు చేయాల్సింది

మందు ఏదీ అక్కర్లేదు. మేత తగ్గించాలి. పెద్ద చేపలకు ఒకటి రెండు రోజులు మేత మానేసినా ఏమీ కాదు. పిల్లలకు మాత్రం మానకూడదు, కొంచెం కొంచెంగా వేసి, తినగా మిగిలింది గంటలోపు సన్న పైపుతో లాగేయాలి. గులకరాళ్లలోకి పైపు దింపి అడుగు మురికి తీస్తూ పావు వంతు నీళ్లు మార్చాలి. పిల్లలు పైపులోకి పోకుండా చివర పల్చటి గుడ్డ కట్టాలి. కొత్త నీళ్లు కుళాయివైతే క్లోరిన్ పోయేట్టు ఒక రోజు బకెట్లో నిలవ ఉంచాలి, తొట్టి నీళ్ల వేడికి సమానంగా ఉన్నాకే పోయాలి. గాలి మోటారు ఆపొద్దు. ఇలా వారానికి ఒకటి రెండుసార్లు చేస్తే రెండు మూడు వారాల్లో పురుగులు వాటంతట అవే తగ్గుతాయి.

తొట్టి మొత్తం ఖాళీ చేసి సబ్బుతో తోమేద్దామని చేయి దురద పెడుతుంది. పిల్లలున్న తొట్టిలో ఆ పని వద్దు. చేప మలం నుంచి వచ్చే అమోనియా విషం. రాళ్ల మీద, స్పాంజి ఫిల్టర్‌లో ఉండే మంచి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తుంది. అంతా కడిగేస్తే పురుగులతో పాటు ఆ బ్యాక్టీరియా కూడా పోతుంది. అందుకే స్పాంజిని కూడా కుళాయి కింద కాకుండా తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

ప్లనేరియాకు చేయాల్సింది

ముందు చేయకూడనిది. గోటితో నలిపి, బ్లేడుతో కోసి వదిలేయొద్దు. ముక్క ముక్కా మళ్లీ పూర్తి పురుగవుతుంది. అమెరికా శాస్త్రవేత్త థామస్ హంట్ మోర్గాన్ 1898లో వీటిని కోసి చూసి, శరీరంలో 279వ వంతు ముక్క కూడా తిరిగి పురుగు కాగలదని రాశాడు. ఆయనకే తర్వాత 1933లో క్రోమోజోముల మీద చేసిన పనికి నోబెల్ వచ్చింది. మన పురాణాల్లో రక్తబీజుడి కథ విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

చేయాల్సిన వాటిలో తేలికది ఉచ్చు. మూతలో సన్న రంధ్రాలు చేసిన చిన్న సీసాలో పచ్చి రొయ్య ముక్క వేసి, దీపాలు ఆర్పాక తొట్టి అడుగున పెట్టాలి. చేపపిల్లలు దూరలేనంత సన్నగా రంధ్రాలుండాలి. తెల్లవారకముందే తీసి, పట్టుబడినవాటిని బయట వేడినీళ్లలో పారబోయాలి. వరసగా చాలా రాత్రులు పెడితే సంఖ్య బాగా తగ్గుతుంది, కానీ పూర్తిగా పోవడం అరుదు.

మందుల్లో పనిచేసేది ఫెన్‌బెండజోల్. కుక్కలకు, మేకలకు కడుపులో పురుగులు పోవడానికి వాడేదే. దీని చుట్టం మనందరికీ తెలుసు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న స్కూళ్లలో నమిలించే ఆల్బెండజోల్ మాత్ర ఈ కుటుంబానిదే. మనవైపు అది నులిపురుగుల దినం, మా ఆయి భాషలో జంతనాశక దినం. 1 నుంచి 19 ఏళ్ల వరకు ఇస్తారు కాబట్టి నాకిది ఆఖరి ఏడు. ఈ మందులు పురుగు కణాల లోపలి సన్న గొట్టాల నిర్మాణాన్ని చెడగొట్టి, చక్కెర అందకుండా చేసి చంపుతాయి. ఫెన్‌బెండజోల్‌తో హైడ్రా కూడా పోతుంది. కానీ కొన్ని రకాల నత్తలకూ ఇది ప్రాణాంతకమే, కాబట్టి వాటిని ముందే వేరే తొట్టిలోకి మార్చాలి. మోతాదు తొట్టి లీటర్లను బట్టి పశువైద్యుడు చెప్పాలి. చచ్చిన పురుగులు కుళ్లి అమోనియా పెరుగుతుంది కాబట్టి నీళ్లు మార్చడం మరవొద్దు. మార్కెట్లో ప్లనేరియా కోసమే అమ్మే ఒక రకం పొడి వక్క నుంచి తీసినది. వక్కలోని అరెకోలిన్‌ను పశువుల బద్దెపురుగులకు పూర్వం నుంచీ వాడారు. ఈ మాట చెప్తే మా నాయనమ్మ "మరి నా వక్కపొడి వేస్తే సరిపోదా బిడ్డా" అంది. సరిపోదు. ఎంత వేస్తే పురుగు చస్తుందో, ఎంత వేస్తే చేప చస్తుందో కొలత లేకుండా తెలియదు.

గుడ్లు, పసిపిల్లలు ఉన్న తొట్టిలో ఏ మందూ వద్దనేది మేం పెట్టుకున్న నియమం. దాని బదులు తొట్టినే మార్చాం. జీబ్రాల తొట్టి ఖాళీ చేసి, గోళీల్ని వేడినీళ్లలో నానబెట్టి, రెంటినీ వారం రోజులు మా ఊరి ఎండలో పూర్తిగా ఎండనిచ్చాం. మరిగే నీళ్లు గాజుతొట్టిలో పోస్తే పగులుతుంది, కాబట్టి తొట్టికి ఎండ చాలు. తర్వాత అడుగున గోళీలు వేయడం మానేసి, గుడ్లు జారే వలను నీళ్లలో కాస్త ఎత్తులో కట్టాం. కింద వట్టి అద్దం. ఏ మురికి చేరినా కంటికి కనబడుతుంది, పైపుతో లాగేయొచ్చు. గుడ్లు పడ్డ రోజే పెద్ద చేపల్ని తీసేస్తాం.

పెద్ద చెరువులోనూ ఇదే సూత్రం

ఇది ఇంటి తొట్ల వాళ్ల చాదస్తం అనుకోవద్దు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో కార్పు చేపపిల్లల్ని పెంచే నర్సరీ చెరువుల్లో కూడా పిల్లలు వదలడానికి ముందే శత్రువుల్ని తొలగిస్తారు. అక్కడ శత్రువులు నీటి పురుగులు, అంటే కీటకాలు. అవి గాలి కోసం పైకి రావాల్సిందే కాబట్టి హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు కలిపిన ద్రావణాన్ని నీటి మీద పొరలా పరుస్తారు. ఊపిరాడక అవి చస్తాయి. అలా చేసి దాదాపు ఒక రోజు గడిచాకే పిల్లల్ని వదులుతారు. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి కార్పు చేపలతో హార్మోను ఇచ్చి గుడ్లు పెట్టించాక మన దేశంలో చేపపిల్లల ఉత్పత్తి దారే మారింది. ఆ తేదీనే జాతీయ చేపల రైతుల దినం. గుడ్లు కోట్లలో పెట్టించగలిగినా, పిల్ల పడే నీళ్లను ముందే సిద్ధం చేయకపోతే ఆ గుడ్లకు లెక్క ఉండదు. అలాగే నూనె పొర కీటకాల మీద పనిచేస్తుంది గానీ అడుగున ఉండే ప్లనేరియా పైకి రాదు కాబట్టి దాని మీద పనిచేయదు. అక్కడి రైతుకూ శత్రువు ఎవరో, ఎలా ఊపిరి పీలుస్తుందో తెలిస్తేనే మందు పనికొస్తుంది.

ఈ ఏడు జీబ్రాల తొట్టి నుంచి ఆయి రెండు ఈతలు అమ్మింది. గప్పీల తొట్టి అడుగున చెత్త పురుగులు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. వాటిని ఉండనిస్తోంది, అద్దమెక్కితే మాత్రం ఆ రోజు మేత సగం చేసి నీళ్లు మారుస్తుంది. తొట్ల పక్క గోడకు ఒక కాగితం అంటించింది. దాని మీద మరాఠీలో, కింద నా అక్షరాల్లో తెలుగులో నాలుగు పేర్లు, వాటి బొమ్మలు ఉన్నాయి. చెత్త పురుగుకు నాయనమ్మ "బురద వానపాము" అని పేరు పెట్టింది. ప్లనేరియాకు మంచి తెలుగు మాట ఇంకా దొరకలేదు. "జారుడు పురుగు" అని ఇప్పటికి రాసుకున్నాం. ఇంతకన్నా మంచి మాట మీకెవరికైనా తడితే ఈ కాగితం కిందే రాసిపెట్టండి, ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు అక్కడి కాగితం మీద మారుస్తాను.